మన పెనము మీద కూరగాయల పిజ్జా

ఈ దినములలో పిజ్జా అను మాట తెలియని పిల్లలు పల్లెలలో సహితము అరుదు. ఫోనులో బొమ్మ చూచుచున్నారు, బడిలో తోటివారి నోట వినుచున్నారు. పట్టణములో చదువుకొను అన్నలు, అక్కలు సెలవులకు వచ్చి దాని గూర్చి చెప్పుచుండగా నోరూరుచున్నది. "అమ్మా, మనమెప్పుడు తింటాము?" అని అడుగుచున్నారు.

ఈ ప్రశ్నకు మన ఇండ్లలో సాధారణముగా రెండు జవాబులు వినబడుచున్నవి. మొదటిది, "అవి మనలాంటి వాళ్ళకు కావు, పెట్టింది తిను" అను గద్దింపు. రెండవది, పండుగకో పుట్టినరోజుకో చేబదులు చేసియైనను బస్సెక్కించి పట్టణమునకు తీసికొని వెళ్ళి కొనిపెట్టుట. మొదటి జవాబు విన్న పిల్లవాని మనస్సులో మన ఇంటి తిండి తక్కువది అను తలంపు నాటుకొనును. రెండవ జవాబు జేబుకు చిల్లు పెట్టును, అలవాటైతే ఒంటికి కూడ మంచిది కాదు.

మూడవ జవాబు ఒకటి ఉన్నది. "శనివారము సాయంత్రము మనమే చేసుకుందాము, నీవు వెల్లుల్లి ఒలుచుదువు గాని" అను జవాబు. దానికి ఓవెను అవసరము లేదు, ఈస్టు అవసరము లేదు. చపాతీ వేయు పెనము, దానికి సరిపోవు మూత, గోధుమ పిండి, నాలుగు రకముల కూరగాయలు చాలును. పిండి తడిపియుంచినచో మిగిలిన పని అరగంటలో అయిపోవును. ఈ సంచికలో ఆ విధానమును, ఎందుకు ఆలాగు చేయవలెనో ఆ కారణములను వివరింపగోరుచున్నాము.

పిజ్జా ఎవరి తిండి?

పిజ్జా గొప్పవారి తిండి అని మన పిల్లలు అనుకొనుచున్నారు. దాని పుట్టుక తెలిసినచో ఆ భ్రమ తొలగిపోవును. అది ఇటలీ దేశములోని నేపుల్స్ పట్టణపు బీదవారి తిండి. రేవులో బరువులు మోయువారు, కూలి చేసికొనువారు వీధిలో కొనుక్కొని నిలువుకాళ్ళ మీద తిని పనికి పోయెడివారు. రొట్టె మీద ఏది చవుకగా దొరికినచో అది వేసికొనుటయే దాని పద్ధతి. ఒకరికి వెల్లుల్లి, నూనె. మరియొకరికి చిన్న చేపలు. వేరొకరికి టమాట.

పిజ్జా అను మాట ఇంకను పాతది. ఇటలీలోని గయేటా అను ఊరిలో 997వ సంవత్సరపు ఒక కౌలు పత్రములో అది కనబడుచున్నది. ఆ భూమిని కౌలుకు తీసికొనినవాడు అక్కడి బిషప్పుగారికి క్రిస్మస్‌నాడు పన్నెండు పిజ్జాలు, ఈస్టరునాడు పన్నెండు పిజ్జాలు ఇచ్చుకొనవలెనని అందులో వ్రాసియున్నది. అప్పటికి ఆ దేశములో టమాట లేనే లేదు. టమాట అమెరికా ఖండమునకు చెందినది. 16వ శతాబ్దములోనే ఐరోపాకు చేరినది. మన మిరపకాయ కూడ అదే ఖండము నుండి వచ్చినది. కాబట్టి ఆ పాత పిజ్జా అనగా ఒక విధమైన రొట్టె అని మాత్రమే మనము అర్థము చేసికొనవలెను.

1889లో ఇటలీ రాణి మార్గరీటా నేపుల్స్‌కు వచ్చినప్పుడు ఎర్రని టమాట, తెల్లని చీజు, పచ్చని ఆకు వేసి ఆ దేశపు జెండా రంగులలో పిజ్జా చేసిపెట్టినారనియు, అందుకే దానికి ఆమె పేరు వచ్చినదనియు చెప్పుకొనుచుందురు. దానికంటె పాతదిగా ఎంచబడు మరియొక పిజ్జా పేరు మారినారా. అందులో టమాట, వెల్లుల్లి, ఒరెగానో అను ఆకు, నూనె తప్ప ఇంకేమియు ఉండదు. చీజు బొత్తిగా లేదు! నేపుల్స్ పిజ్జాకు ఐరోపా సమాజము 2010లో నిబంధనలు వ్రాసి గుర్తింపు ఇచ్చినప్పుడు అందులో చేర్చినది ఈ మార్గరీటా, మారినారా రకములనే. నేపుల్స్ వారు పిజ్జా చేయు విద్యను 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినది.

దీనిని బట్టి మనకు ఒక సంగతి తేటపడుచున్నది. చీజు దట్టముగా పోసి సాగదీయుచు తినునదే పిజ్జా అనుకొనుట సరికాదు. ఉన్న రొట్టె మీద, ఉన్న కూర వేసి, వేడిగా నలుగురు పంచుకొని తినునది పిజ్జా. ఆ లెక్కన రాయలసీమలో జొన్నరొట్టె మీద వంకాయ కూర పెట్టుకొని తినువారికి, దోసెపిండి మీద ఉల్లిపాయ ముక్కలు చల్లి ఊతప్పము వేసికొనువారికి అది క్రొత్త విద్య కానే కాదు.

ఇంటి ఖర్చు, ఇంటి ఆరోగ్యము

మన దేశములో డొమినోస్ వారు ఢిల్లీలోను, పిజ్జా హట్ వారు బెంగళూరులోను మొదటి దుకాణములు తెరచినది 1996లో. ఇప్పుడు చిన్న పట్టణములలో సహితము ఏదో ఒక పేరుతో పిజ్జా అమ్ముచున్నారు. ఎప్పుడో ఒకసారి తినుటలో తప్పేమియు లేదు. అయితే లెక్క చూచుకొనవలెను. 2025 ఏప్రిల్ నుండి ఉపాధి హామీ పనికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో దినకూలి 307 రూపాయలుగా నిర్ణయింపబడినది. ఇంటిల్లిపాది దుకాణములో కూర్చుండి కడుపునిండ తినవలెననినచో ఆ ఒక్క దినపు కూలి చాలదు. బస్సు ఛార్జీలు వేరు. ఇంట చేసికొనినచో పిండి డబ్బాలో ఉన్నదే, కూరలు సంతలో తెచ్చినవే.

రెండవది ఆరోగ్యము. భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనము ఒకటి 2023లో వెలువడినది. దాని ప్రకారము మన దేశములో 10 కోట్లకు పైగా ప్రజలకు మధుమేహమున్నది. 31 కోట్లకు పైగా ప్రజలకు రక్తపోటు ఉన్నది. ఇది పట్టణపు జబ్బు, మనకు రాదు అని చెప్పుకొను కాలము గడిచిపోయినది. ఇండ్లను దర్శించుటకు వెళ్ళునప్పుడు గూటిలో సుగరు బిళ్ళలు, బీపీ బిళ్ళలు పెట్టుకొనని ఇల్లు మాకు అరుదుగా కనబడుచున్నది. నాయనమ్మకు సుగరు, నాన్నకు బీపీ, పిల్లవానికి పిజ్జా మీద మనసు. ముగ్గురికి మూడు వంటలు చేయుటకు ఏ తల్లికి ఓపిక ఉండును? అందరు ఒక్కచోట కూర్చుండి తినగలిగిన ఒక్క వంట కావలెను.

తేలిక అనగా ఏమి?

తేలిక పిజ్జా అనగా రుచి లేని పిజ్జా అని కాదు. మూడింటిని తగ్గించి, ఒకదానిని పెంచినది.

తగ్గించవలసిన మొదటిది మైదా. గోధుమల పొట్టును, మొలక భాగమును తీసివేసి మిగిలిన తెల్లని భాగమును విసరినదే మైదా. జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల గోధుమ పిండిలో సుమారు 11 గ్రాముల పీచు ఉన్నది. మైదాలో 3 గ్రాములైనను లేదు. జొన్నలో 10, రాగిలో 11, సజ్జలో 11 గ్రాముల పైన ఉన్నది. పీచు ఉన్న రొట్టె కడుపును త్వరగా నింపును, చక్కెర రక్తములోనికి చేరుటను నెమ్మదిపరచును.

రెండవది చీజు. అది పాల నుండి వచ్చినదే గనుక చెడ్డదని అనము. అయితే దానిలో క్రొవ్వును ఉప్పును ఎక్కువ. పిండిలో ఉప్పు, గుజ్జులో ఉప్పు, కూరలలో ఉప్పు, వాటి మీద చీజులో ఉప్పు – అన్నియు కలిసి ఎంతైనదో మన నాలుకకు తెలియదు. రోజు మొత్తము మీద ఒక్కొక్కరు 5 గ్రాముల లోపు, అనగా ఒక చిన్న చెంచా లోపు ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గనుక చీజు కొద్దిగా చాలును. దానికి బదులు ఇంట విరిచిన పనీరు ఇంకను మంచిది, ఎందుకనగా అందులో మనము వేస్తేనే ఉప్పు ఉండును.

మూడవది నూనె. పెనము మీద పోయుటకు బదులు చెంచాతో కొలిచి వాడుకొనవలెను.

పెంచవలసినది కూరగాయలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనలలో పెద్దవారి దినపు కంచమునకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు చూపబడినవి. మన ఇండ్లలో అన్నము గుట్టగాను కూర అంచుకు చెంచాడుగాను ఉండుట మామూలు. ఒక్క రొట్టె మీద 100 గ్రాముల కూర పట్టినచో దినపు లెక్కలో నాలుగవ వంతు అక్కడే తీరును.

కావలసినవి (నలుగురికి, నాలుగు రొట్టెలు)

రొట్టెకు: గోధుమ పిండి పావు కిలో, పెరుగు అర కప్పు, ఉప్పు అర చెంచా, నూనె ఒక చెంచా, తడుపుటకు గోరువెచ్చని నీళ్ళు.

గుజ్జుకు: బాగుగా పండిన టమాటలు నాలుగు లేక ఐదు, వెల్లుల్లి రెబ్బలు ఆరు, నూనె ఒక చెంచా, కారము పావు చెంచా, నలిపిన వాము పావు చెంచా లేక వామాకులు రెండు, ఉప్పు చిటికెడు.

పైన వేయుటకు: కూరగాయల ముక్కలు 400 గ్రాములు. ఉల్లిపాయ, క్యారెట్టు, క్యాబేజీ, బుట్టమిరప, లేత మొక్కజొన్న గింజలు, గుప్పెడు మునగాకు – వీటిలో ఏ నాలుగైనను సరే. నూనె ఒక చెంచా, మిరియాల పొడి కొద్దిగా.

చివరకు: పనీరు 100 గ్రాములు, లేక తురిమిన చీజు 40 గ్రాములు. అర లీటరు పాలు కాచి నిమ్మరసము పిండి విరిచి, పలుచని గుడ్డలో వడకట్టి బరువు పెట్టినచో సుమారు అంత పనీరు వచ్చును. విరిగిన పాల నీళ్ళు పారబోయవద్దు. నిమ్మ పులుపు మరీ ఎక్కువ కాకుంటే వాటితోనే పిండి తడుపుకొనవచ్చును.

ఇక్కడ చెంచా అనగా టీ చెంచా.

ఒరెగానో పొట్లము కొనలేదని చింతపడవద్దు. మన వాములోను, పెరటిలో బజ్జీలకు కోసికొను మందమైన వామాకులోను ఉన్న ఘాటైన వాసన ఒరెగానో వాసనకు దగ్గరి చుట్టము. సబ్జా గింజలు ఇచ్చు మొక్క ఇంట ఉన్నచో అదృష్టమే. ఇటలీవారు మార్గరీటా మీద వేయు ఆకు ఆ జాతిదే.

చేయు విధానము

మొదట పిండిలో ఉప్పు, పెరుగు, నూనె వేసి, నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరించుచు చపాతీ పిండి కంటె కొంచెము మెత్తగా తడపవలెను. తడి గుడ్డ కప్పి అరగంట ఉంచవలెను. ఈ సమయములో పిండి నీటిని పీల్చుకొని సాగు గుణము పొందును. పొలము నుండి వచ్చి కాళ్ళు కడుగుకొనునంతలో ఇంట ఉన్న పెద్దపిల్లలు ఈ పని చేసియుంచవచ్చును.

అది నానులోగా గుజ్జు చేసికొనవలెను. నూనె వేడియైన తరువాత తరిగిన వెల్లుల్లి వేసి, పచ్చివాసన పోగానే సన్నగా తరిగిన టమాటలు, కారము, ఉప్పు వేసి మూత లేకుండ ఉడికించవలెను. మధ్యలో గరిటెతో మెదుపుచుండవలెను. గరిటెతో గీత గీసినప్పుడు ఆ గీత వెంటనే పూడిపోకుండ నిలిచినచో గుజ్జు అయినట్టు. నీళ్ళుగా ఉండగా దించినచో రొట్టె నానిపోయి చేతిలో తెగిపోవును. దించునప్పుడు వాము నలిపి వేయవలెను. వామాకైతే సన్నగా తరిగి వేయవలెను.

కూరగాయలను సన్నని పొడవు ముక్కలుగా తరిగి, ఒక చెంచా నూనెలో పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషములు మాత్రమే కలియబెట్టవలెను. మూత పెట్టరాదు. ఉప్పు ముందు వేయరాదు. ఉప్పు తగలగానే కూర నీరు విడుచును. దించిన తరువాత మిరియాల పొడి చల్లినచో చాలును, గుజ్జులోని ఉప్పు సరిపోవును. మునగాకువంటి ఆకులను చివరి నిమిషములో వేయవలెను.

కూరలను ముందుగా మగ్గించుటకు కారణము ఉన్నది. నేపుల్స్‌లో కట్టెల బట్టీలో పిజ్జా కాల్చుదురు. ఆ బట్టీ వేడి 485 డిగ్రీల వరకు ఉండును. అందుచేత ఒకటి ఒకటిన్నర నిమిషములోనే అడుగు, పైభాగము ఒకేసారి కాలిపోవును. మన పెనమునకు వేడి క్రింద నుండి మాత్రమే తగులును. పచ్చి కూరలు వేసి కూర్చుంటే అవి మగ్గులోపల రొట్టె అడుగు మాడిపోవును. గనుక అన్నిటిని విడివిడిగా సిద్ధపరచి, చివరకు కలుపుటయే మన పద్ధతి.

ఇప్పుడు పిండిని నాలుగు ఉండలు చేసి, చపాతీ కంటె రెండింతలు మందముగా, జానెడు వెడల్పున ఒత్తవలెను. ఉబ్బిపోకుండ అక్కడక్కడ ఫోర్కుతో గాని పుల్లతో గాని గ్రుచ్చవలెను. వేడి పెనము మీద నూనె లేకుండ వేసి, ఒక ప్రక్క గోధుమరంగు మచ్చలు వచ్చువరకు కాల్చవలెను. త్రిప్పి రెండవ ప్రక్క అర నిమిషము మాత్రమే ఉంచి తీసివేయవలెను.

తరువాతి మెట్టులో జాగ్రత్త కావలెను. బాగుగా కాలిన ప్రక్కను పైకి పెట్టి, దాని మీద గుజ్జు పూయవలెను. కాలిన ప్రక్క గట్టిపడియుండును గనుక తడిని ఆపును. సగము కాలిన ప్రక్క పెనము మీదికి వచ్చి నెమ్మదిగా కాలుచుండగా పైవి వేడెక్కును. అంచున వ్రేలెడు చోటు విడిచి రెండు చెంచాల గుజ్జు పలుచగా పూసి, కూరలు పరచి, చిదిమిన పనీరు గాని తురిమిన చీజు గాని చల్లవలెను. మంట బాగుగా తగ్గించి, మూత పెట్టి, మూడు నాలుగు నిమిషములు ఉంచవలెను. ఒక నిమిషము తరువాత మూత తీసి లోపలి చెమ్మను గుడ్డతో తుడిచి మరల పెట్టవలెను. లేనిచో ఆ నీటిబొట్లు రొట్టె మీద పడును. చీజైతే కరగును; పనీరు కరగదు, వేడెక్కి మెత్తబడును. అంతే, దించి నాలుగు ముక్కలుగా కోయండి.

ఉదయపు చపాతీలు మిగిలియున్నచో ఇంకను త్వరగా అగును. వాటిని పెనము మీద రెండు ప్రక్కల ఒక్కొక్క నిమిషము కాల్చి తడి లేకుండ చేసి, పైవన్నియు వేసి రెండు నిమిషములు మూత పెట్టినచో చాలును. పలుచని చపాతీ గనుక కూర కొంచెము తక్కువగా పరచవలెను.

జొన్నరొట్టె మీద

కర్నూలు, అనంతపురము, మహబూబునగరు ప్రాంతముల తల్లులకు జొన్నరొట్టె తట్టుట మేము నేర్పవలసిన పని లేదు. అలవాటు లేనివారికి రెండు మాటలు. గోధుమలో ఉన్న సాగు గుణము జొన్నలో లేదు. అందుచేత చల్లని నీళ్ళతో తడిపినచో పిండి పగిలిపోవును. మరిగే నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, చేయి ఓర్చునంత వేడి ఉండగానే బాగుగా పిసుకవలెను. వేడికి పిండి జిగురు పట్టి నిలుచును. చిన్న రొట్టెలుగా తట్టినచో విరుగవు. పెనము మీద వేయగానే పైభాగమున తడి చేతితో నీళ్ళు రాయుట మరువవద్దు.

జొన్నరొట్టె చల్లారితే గట్టిపడును గనుక ఒక్కొక్కటి కాల్చిన వెంటనే పైవి వేసి వడ్డించవలెను. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. దానితో పట్టణములవారు జొన్నపిండి కొరకు వెదకుచున్నారు. మన ఇంట ఉన్నదానిని మనము చిన్నచూపు చూడరాదు.

అయితే ఒక హెచ్చరిక. జొన్న మంచిదని చెప్పి సుగరు ఉన్నవారు మూడు నాలుగు రొట్టెలు తినకూడదు. జొన్నయైనను పిండి పదార్థమే. వారు కూరలు దట్టముగా వేసిన ఒక్క రొట్టెతో, ప్రక్కన గిన్నెడు మజ్జిగతోనో ఉడికించిన శనగలతోనో సరిపెట్టుకొని, ఆ పూట అన్నము మానుకొనవలెను. డాక్టరుగారు ఇచ్చిన బిళ్ళలు మాత్రము మానరాదు.

కట్టెల పొయ్యి ఉన్నవారికి

గ్యాసు లేదని వెనుకకు తగ్గనవసరము లేదు. పిజ్జా పుట్టినదే కట్టెల నిప్పు మీద. రొట్టెలు కాల్చునంతవరకు మంట ఉంచి, పైవి వేసిన తరువాత కట్టెలను వెనుకకు లాగి నిప్పుల సెగ మీదనే ఉంచవలెను. దిబ్బరొట్టె చేయుటలో మన పెద్దలు ఇనుప మూత మీద కూడ నిప్పులు పెట్టెడివారు. ఇక్కడ కూడ అట్లు చేసినచో పై నుండి సెగ తగిలి కూరల అంచులు, పనీరు ఎర్రబారును. గ్యాసు పొయ్యికి లేని సౌకర్యము ఇది! నిప్పులు ఎత్తి పెట్టు పని మాత్రము పెద్దలే చేయవలెను.

ఏ కాలమునకు ఆ కూర

బుట్టమిరప, పుట్టగొడుగులు లేనిదే పిజ్జా కాదని అనుకొనవద్దు. వానకాలములో లేత మొక్కజొన్న గింజలు, మునగాకు. చలికాలములో క్యాబేజీ, క్యారెట్టు, చిక్కుడు గింజలు, పచ్చి బఠాణీలు. ఎండకాలములో ఉల్లిపాయ, వంకాయ, తోటకూర. వంకాయను చక్రములుగా కోసి ముందుగా పెనము మీద కాల్చుకొనవలెను. తోటకూరను వేయించి నీరు ఇగిర్చి వేయవలెను. సొర, బీరలలో నీరు ఎక్కువ గనుక ఇవి దీనికి అంతగా పనికిరావు. ముందుదినపు వేపుడు కూర మిగిలియున్నచో, చెడకుండ ఉన్నచో, దానిని వేడి చేసి వేసికొనవచ్చును.

టమాట ధర సంగతి రైతులకు చెప్పనక్కరలేదు. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటినది. మరికొన్ని సంవత్సరములలో మదనపల్లె, పత్తికొండ మార్కెట్లలో కొనువారు లేక రైతులు రోడ్డు మీద పారబోసి కన్నీళ్ళతో ఇండ్లకు వెళ్ళినారు. ధర పడిన దినములలో ఎక్కువగా తెచ్చి గుజ్జు చేసికొనినచో ఇంటికి లాభము, రైతుకు కొంత ఆసరా. ఫ్రిజ్జు ఉన్నవారు శుభ్రమైన గాజు సీసాలో పెట్టి మూడు నాలుగు దినములు వాడుకొనవచ్చును. లేనివారు ఆ పూటకు కావలసినంతే చేసికొనుట క్షేమము.

పని ఎవరిది?

ఇక్కడ పురుషులతో ఒక మాట చెప్పవలసియున్నది. క్రొత్త వంట అనగానే ఇంటి ఇల్లాలి నెత్తి మీద మరియొక పని పడునని చాలమంది తల్లులు భయపడుచున్నారు. ఆ భయము న్యాయమైనదే. నాట్లు వేసి, కలుపు తీసి, గడ్డిమోపు మోసుకొని వచ్చిన స్త్రీ మరల పొయ్యి దగ్గర గంటసేపు నిలువబడి, అందరికి వేడివేడిగా పెట్టి, చివరకు తాను చల్లారినది తినుచున్నది. పిల్లవాని సంతోషము కొరకు తల్లి నడుము విరుగరాదు.

ఈ వంటలో మంచి సంగతి యేమనగా, పనిని పంచుకొనవచ్చును. ఒకరు పిండి తడుపుదురు, ఒకరు కూరలు తరుగుదురు, ఒకరు గుజ్జు చూచుకొందురు. తండ్రి రొట్టెలు కాల్చవచ్చును. పెండ్లిండ్లలో పెద్ద గుండిగెలలో వండువారు మగవారే కదా! ఇంట ఒక్క పెనము దగ్గర నిలువబడుటకు సిగ్గెందుకు? మగపిల్లలకు ఉల్లిపాయ తరుగుట ఇప్పుడు నేర్పినచో, రేపు చదువు కొరకు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆకలికి అలమటింపరు. ఒక్కొక్కటి కాలగానే అందరి కంటె ముందుగా తల్లికి ఒక ముక్క పెట్టండి.

పిల్లల చేతికి ఇవ్వండి

కూరలను నాలుగు చిన్న గిన్నెలలో పెట్టి, ఎవరి రొట్టె మీద వారే పరచుకొనునట్లు చేయండి. ఒకడు ముఖము గీయును, ఒకతె పువ్వు పెట్టును. క్యాబేజీ ముట్టనివాడు ఒక్కసారిగా మారిపోవునని మేము చెప్పలేము గాని, తన చేతితో పెట్టినదానిని రుచి చూచుటకు పిల్లలు త్వరగా ఒప్పుకొందురు. ఈసారి రెండు ముక్కలు తిన్నచో పొగడండి. మిగిలినవి ఏరి ప్రక్కన పెట్టినచో కోపపడకండి.

ఇంకొక మాట. "ఇది దుకాణములోని దాని వలెనే ఉండును" అని పిల్లలకు చెప్పవద్దు. అట్లు ఉండదు. చీజు అంత సాగదు, రొట్టె అంత పొంగదు. నోట పెట్టుకొనగానే మాట అబద్ధమైనదని తెలిసినచో, మంచి వంట కూడ రుచించదు. "ఇది మన పిజ్జా, మన టమాట, మన వామాకు" అని చెప్పండి. నేపుల్స్ కూలివారు తమకు దొరికినది రొట్టె మీద వేసికొనిరి, మనము మనకు దొరికినది వేసికొనుచున్నామని ఆ కథ కూడ చెప్పండి. బీదవారు తమ చేతులతో చేసికొనిన తిండి లోకమంతయు మెచ్చుకొనినదని తెలిసిన పిల్లవాడు తన ఇంటి కంచమును చూచి సిగ్గుపడడు.

వారమునకు ఒక పూట, పదిహేను దినములకు ఒక పూట, మీ వీలునుబట్టి చేసికొనండి. రోజూ తిను అన్నము, పప్పు, పచ్చడికి ఇది బదులు కాదు, వాటికి తోడు. ముందుగా నాలుగు రొట్టెలకు సరిపడ పిండితోనే మొదలుపెట్టండి. మొదటి రొట్టె కాలిన తీరు చూచి మంట సరిచేసికొనినచో మిగిలిన మూడు చక్కగా వచ్చును. వేడిగా ఉండగానే అందరు కలిసి కూర్చుండి తినండి. ఆ ఒక్క పూట ఫోను ప్రక్క గదిలో ఉండనియ్యండి.